బేసినులో ఇంకో చెయ్యి

రొయ్యకు జ్ఞాపకం ఉంటుందంటే మొదట్లో సత్యవేణి కూడా నమ్మలేదు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రొయ్యల వాసనలో పెరిగిన మనిషి. ఆ జీవి తలలో ఏముంటుందో, వలిచేటప్పుడు ఏది తీసి పారేయాలో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా సరే, విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న పరిశోధనశాలలో, ఆమె తయారుచేసిన యంత్రం కింద పెట్టిన ఒక గడ్డకట్టిన రొయ్య, తనను వలిచిన చెయ్యి ఎలాంటిదో చెప్పేసింది.

సంగతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. వలిచిన రొయ్యను వెంటనే ఐసులో వేస్తారు. వేళ్ళు నొక్కిన నొక్కుడూ, వణుకూ, తడబాటూ ఆ మెత్తని కండలో సన్నని ముడతలుగా పడి, ఐసు పట్టగానే అలాగే ఉండిపోతాయి. యంత్రం వెలుగు పంపి ఆ ముడతల్ని చదువుతుంది. చదివినదాన్ని ఒక తొడుగులోంచి మణికట్టు పైన నరాలకు చిన్న చిన్న చురకలుగా అందిస్తుంది. అంతే, తొడుగు వేసుకున్నవాళ్ళకి తమ చెయ్యి తమది కాకుండా పోతుంది. ఎక్కడో ఎవరో పడ్డ చలి, పోటు, తిమ్మిరి ఇక్కడ వీళ్ళ వేళ్ళలో దిగుతాయి. ఐసు కరిగితే ముడతలు విడిపోయి అన్నీ చెరిగిపోతాయి. సత్యవేణి దానికి చేతిజాడ అని పేరు పెట్టుకుంది.

ఈ వార్త ఎలా చేరిందో గానీ ఢిల్లీ నుంచి అనసూయ గారనే అధికారి వెతుక్కుంటూ వచ్చారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. మాట నెమ్మది, చూపు చురుకు. వ్యాపారాలూ మానవ హక్కులూ అన్న విషయం మీద ప్రభుత్వం వేయబోయే జాతీయ కార్యాచరణ ప్రణాళిక ముసాయిదా ఆవిడ చేతిలో ఉంది. ఆ పేరు పలికేసరికే ఆయాసం వస్తుందని ఆవిడే నవ్వుతూ ఒప్పుకున్నారు. లోపల సంగతి మాత్రం తేలికేనట. మనుషుల్ని కాపాడటం ప్రభుత్వం పని. తమ వల్ల ఎవరికైనా కీడు జరుగుతోందేమో వెతికి చూసుకుని సరిదిద్దడం కంపెనీ పని. జరిగిన కీడుకు న్యాయం దొరికే దారి తెరిచి ఉంచడం ఇద్దరి పనీ. చాలా దేశాలు ఇలాంటి పుస్తకాలు వేశాయనీ, అట్టలు భలే ఉంటాయనీ, లోపలికి వెళితే అన్నీ దూదిలాంటి మాటలేననీ ఆవిడ దిగులు. కంపెనీలను అడిగితే కాగితాలు పంపుతాయి. కాగితం నిండా అంతా బాగానే ఉందని ఉంటుంది.

అలా అంటూనే తొడుగు వేసుకున్నారు. మరుక్షణం చెయ్యి విదిలించి, ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో రుద్దుకుంటూ కూర్చుండిపోయారు. తర్వాత, రొయ్యలు వలిచే ఒక షెడ్డులో దీన్ని వాడి చూద్దామనీ, పనిచేస్తే ప్రణాళికలోనే పెడతాననీ, ఇక ఎగుమతి చేసే ఏ కంపెనీ అయినా తన సరుకు చేతిజాడ చదివించుకోవాల్సిందేననీ అన్నారు. ఏ షెడ్డు అని అడిగితే సత్యవేణి ఆలోచించలేదు, కాకినాడ దగ్గర కోనపేట షెడ్డు పేరు చెప్పేసింది.

ఎందుకు చెప్పదూ! అక్కడ ఆమె అక్క నూకరత్నం పనిచేస్తోంది. అమ్మ పోయేనాటికి సత్యవేణికి ఊహ కూడా తెలియదు. జడలు వేసిందీ, జ్వరానికి కాపు కాసిందీ, కాలేజీకి పంపిందీ అక్కే, ఆ షెడ్డులో ఐసునీళ్ళలో చేతులు పెట్టి. సత్యవేణి ఎన్ని మంచి మాటలతో పరిశోధన గురించి రాసుకున్నా, దాని అడుగున ఉన్న కోరిక ఒకటే. అక్క చేతులు ఎంత కష్టపడుతున్నాయో ఎవరో పెద్దవాళ్ళకి తెలియాలి. తెలిస్తే వేడినీళ్ళ కుళాయి పెట్టిస్తారు, మంచి తొడుగులిస్తారు, మధ్యలో కాసేపు కూర్చోనిస్తారు. పిచ్చితల్లి, తెలిస్తే చాలు అనుకుంది.

ఆదివారం ఆ మంచి వార్త చెబుదామని కోనపేట వెళ్ళింది. బావ పోయాక అక్క ఒక్కతే ఉంటోంది. ఒక్కతే అన్న మాటే గానీ, ఆమె కబుర్లలో షెడ్డులో తన బల్ల తప్ప ఇంకోటి ఉండదు. బల్లకి ఎదురుగా కూర్చునే మంగతాయారు ఏమంది, ఎడమచేతి వాటం పార్వతికి ఎన్నో నెల, మాటల్లేకపోయినా పక్కనే కూర్చునే చిట్టెమ్మ మొగుడు ఈసారైనా తాగుడు మానేశాడా, ఇవే. చెల్లెలు చెప్పిందంతా విని, మీ మిషను మా షెడ్డుకి రావడం మాకు గొప్పేనే అని మురిసిపోయింది. మాట్లాడుతూనే పొయ్యి మీద పులుసు గిన్నెను మసిగుడ్డ లేకుండా రెండు చేతులతో దించి కింద పెట్టింది. సత్యవేణి అదిరిపడి, కాలదా అక్కా అంది. ఐసులో నానిన చేతులకి నిప్పేం చేసుద్దే అని నూకరత్నం నవ్వేసింది. సత్యవేణి కూడా నవ్వింది. చోద్యం కాకపోతే ఏమిటి చెప్పండి, గడ్డకట్టిన రొయ్యలో చెయ్యి చదవగలిగిన మనిషి, కళ్ళెదురుగా ఉన్న చెయ్యి చదవలేకపోయింది.

షెడ్డు నుంచి ఐసు డబ్బాలు రావడం మొదలైంది. ఒక్కో బేసినుకి ఒక్కో మనిషి, కాబట్టి ఒక్కో డబ్బాలో ఒక్కో చెయ్యే ఉండాలి. చదివితే మాత్రం అంతా గందరగోళం. కొన్ని బేసినుల్లో ఒకే చెయ్యి శుభ్రంగా పలికేది. కొన్నింటిలో రెండు, మూడు, ఇంకా ఎక్కువ చేతులు కలిసిపోయి చెవి దగ్గర నలుగురూ ఒకేసారి మాట్లాడినట్టుండేది. బల్ల మీద అటూ ఇటూ రొయ్యలు దొర్లి కలిసిపోతున్నాయని సత్యవేణి అనుకుంది. కంపెనీ మేనేజరు రాజు గారు కూడా, ఎవరి ఫలితం వాళ్ళకి విడిగా కావాలండీ, లేకపోతే మేమేం సరిదిద్దుతాం అని మర్యాదగానే అడిగారు. ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు. ఆమె కూర్చుని లెక్కలు కట్టి, బేసినులో ఎక్కువగా వినపడే చేతిని ఉంచి మిగతా చేతుల్ని వడగట్టే పద్ధతి కనిపెట్టింది. దాన్ని జల్లెడ అనేది. జల్లెడ పట్టాక ప్రతి బేసినులోనూ ఒక్క చెయ్యి, అద్దంలా కనిపించింది. తన జన్మలో ఇంత చక్కని పని చేయలేదని ఆమెకు గర్వంగా ఉంది.

ఫలితాలు కంపెనీకి వెళ్ళాయి. ముసాయిదా అలాగే ఉంది మరి. వెతికి చూసుకోవాల్సింది కంపెనీ కనుక, చదివినది కంపెనీ చేతికే అందాలి. సత్యవేణి పేర్లు చూడలేదు. డబ్బాల మీద గుర్తులే ఉండేవి, ఎవరి గుర్తు ఏదో షెడ్డువాళ్ళకే తెలుసు. చూడకపోవడమే నిజాయితీ అనుకుంది.

కొన్నాళ్ళకి రాజు గారు ఫోన్ చేసి ఎంతో సంతోషంగా థాంక్స్ చెప్పారు. మిషను చాలా ఉపయోగపడిందనీ, స్పర్శ పోయిన చేతులేవో, పోబోతున్నవేవో తెలిసిపోయిందనీ, అలాంటివాళ్ళని వెంటనే ఐసు దగ్గర్నుంచి తప్పించేశామనీ చెప్పారు. తప్పించి ఏం పని ఇచ్చారని ఈమె అడిగింది. ఇంటికి పంపించామండీ, ఇంకా ఐసులో పెడితే వాళ్ళకి కీడు చేసినవాళ్ళమవుతాం కదండీ అని ఆయన అన్నారు. ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే మంచిపని చేశాననుకుంటున్నారు.

సత్యవేణి ఫోన్ పెట్టేసింది. ఆ పూటే బస్సెక్కింది.

కోనపేటలో అక్క ఇంటి తలుపు పగలే వేసి ఉంది. లోపల నూకరత్నం గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. షెడ్డుకి వెళ్ళేవాళ్ళు వీధిలో నడిచే వేళకి తలుపు వేసుకుంటోందని పక్కింటావిడ చెప్పింది. స్పర్శ పోయిన చేతులని మేనేజరు అందరి ముందూ పేర్లు చదివాడట. ఏ చేతుల సంగతి బల్ల దగ్గర ఎవరికీ తెలియకూడదని అక్క ఇన్నాళ్ళూ దాచుకుందో, అది ఊరంతటికీ తెలిసిపోయింది. తన వేళ్ళు మొద్దుబారి చాలా కాలమైందనీ, కళ్ళతో చూసుకుంటూ వలుస్తున్నాననీ, అయినా ఏ రోజూ తన బేసిను తక్కువ తూగలేదనీ ఆమె చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం తల కాస్త ఎత్తింది.

సత్యవేణి ఆ చేతులు పట్టుకుని ఏడ్చింది. తనకు తెలియదంది. మంచి జరుగుతుందనుకున్నానంది. నూకరత్నం విసుక్కోలేదు, కోప్పడలేదు. అదే భరించడం కష్టమైంది.

"నా చెయ్యి గురించి నన్నడక్కుండా వాళ్ళకెందుకు చెప్పేవే?" అంది చివరికి.

తిరుగు బస్సులో సత్యవేణి ఆ ఒక్క మాటనే నెమరేసుకుంటూ కూర్చుంది. విశాఖపట్నం చేరాక ఇంటికి వెళ్ళాలనిపించక తిన్నగా పరిశోధనశాలకే వెళ్ళింది. అక్క గుర్తు ఏదో ఇప్పుడు తెలుసు. ఆ గుర్తున్న డబ్బాల్లో చదవగా మిగిలినదాన్ని తీసింది. అక్క చెప్పిన మాట ఒకటి ఆమెను వదలడం లేదు. వేళ్ళు మొద్దుబారిన మనిషి, కళ్ళతో చూసుకుంటూ వలిచే మనిషి, పక్కవాళ్ళతో సమానంగా ఎలా వలవగలుగుతుంది?

జల్లెడ తీసేసి, తొడుగు వేసుకుంది.

మొదట అక్క చెయ్యి వచ్చింది. దాన్ని రావడం అనకూడదేమో. తన వేళ్ళు ఉన్నచోట ఏమీ లేనట్టుంది, అంతే. ఆ లేకపోవడం కొంతసేపు నడిచింది. ఆ తర్వాత, ఉన్నట్టుండి ఇంకో చెయ్యి దిగింది. గట్టిది, అలవాటు పడ్డది, వలిచిన రొయ్యని గుప్పెట్లోంచి మెల్లగా వదిలిన చెయ్యి. దొర్లి వచ్చిన రొయ్యకి అలాంటి వదులు ఉండదు. అది పోయి మళ్ళీ అక్క. మళ్ళీ వేరే చెయ్యి. డబ్బా అంతా అలాగే ఉంది. సగానికి పైగా రొయ్యలు అక్క వలిచినవి కావు. ఎక్కువగా వినపడ్డ చేతిని ఉంచింది జల్లెడ. ఒక్కొక్కటిగా చూస్తే అక్క చెయ్యే ఎక్కువ. కలిపి చూస్తే బల్ల చెయ్యి ఎక్కువ.

మిగతా డబ్బాలన్నీ తెరిచి చూసుకుంది. జల్లెడ పట్టి ఆమె పారేసిన చేతులన్నీ బలహీనంగా ఉన్న చేతుల బేసినుల్లోనే ఉన్నాయి. బలమైన చేతుల బేసినుల్లో పరాయి చెయ్యి ఒక్కటీ లేదు. తాను చెత్త అనుకుని ఏరి పారబోసినది ఏమిటో అప్పుడు ఆమెకు అర్థమైంది. తొడుగు తీయకుండానే బల్ల మీద తల వాల్చింది.

మర్నాడు మంగతాయారుని షెడ్డు బయట పట్టుకుంది. ఆ పెద్దావిడ ముందు ఏమీ తెలియనట్టే తప్పించుకోబోయింది. తర్వాత, ఈ పిల్లకి తెలిసిపోయిందని గ్రహించి, గోడ నీడకి తీసుకెళ్ళి నెమ్మదిగా చెప్పింది. అది తమ బల్లకి ఎప్పట్నుంచో ఉన్న అలవాటేనట. ఎవరికి నెలలు నిండుతున్నా, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా, ఐసు తెచ్చుకోవడానికి లేచిన మనిషి వాళ్ళ వెనకనుంచి పోతూ ఒక గుప్పెడు వాళ్ళ బేసినులో వదిలి పోతుంది. దానికి పేరు లేదు, వరస లేదు. ఒక్కటే కట్టుబాటు. వెనక నుంచి చెయ్యి వచ్చినప్పుడు బేసిను వైపు చూడకూడదు. చూస్తే మాట అనాల్సి వస్తుంది, మాట అంటే రుణం అవుతుంది. నూకరత్నం వేళ్ళ సంగతి బల్లంతటికీ ముందే తెలుసు. తెలియనిదల్లా తమకి తెలుసని నూకరత్నానికే.

"మీ అక్కకి చెప్పకమ్మాయ్," అంది మంగతాయారు. "తన కష్టం తనే పడుతున్నాననుకుంటంది. ఆ ధైర్యం ఉండనీ. ఇంకోటి, ఇది కంపెనీకి తెలిస్తే దొంగతనం అంటారు. ఒకరి తూకంలో ఇంకొకరి సరుకు కదా. మమ్మల్నీ పంపేస్తారు."

సత్యవేణి ఇరుకున పడింది. కాకినాడలో ఆ ముసాయిదా మీద అనసూయ గారు పెట్టిన బహిరంగ విచారణ దగ్గరికొచ్చింది. అక్కని తీసేయడం అన్యాయమని నిరూపించాలంటే ఈ డబ్బా తెరవాలి. ఒంట్లో శక్తి లేని మనిషిని కూడా బల్ల మోసుకుపోతోంది, కంపెనీకి నష్టమేం రాలేదు అని చూపించాలి. చూపిస్తే ఆ మోసిన చేతులన్నీ బయటపడతాయి. చూపించకపోతే అక్క ఇంటి తలుపు అలా మూసే ఉంటుంది. తన యంత్రం ప్రణాళికలోకి వెళ్ళాలన్నా అనసూయ గారికి గట్టి ఉదాహరణ కావాలి, ఇంతకన్నా గట్టిది దొరకదు.

ఎటూ తేల్చుకోలేక చివరికి, మొదటే చేయాల్సిన పని చేసింది. అక్క దగ్గరికి వెళ్ళి, నీ చెయ్యి గురించి నిన్నడగడానికొచ్చాను అంది. నూకరత్నం ఆమె మొహంలోకి చూసింది. ఇప్పుడా అంది. అన్నాక లేచి చీర మార్చుకుంది.

పరిశోధనశాలలో ఆ మెరిసే నేల మీద చెప్పులతో నడవాలో వద్దో తెలియక నూకరత్నం చెప్పులు చేత్తో పట్టుకుంది. సత్యవేణి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. అక్కకి చెప్పకన్న మంగతాయారు మాట గుర్తుకొస్తూనే ఉంది. కానీ ఎవరి చెయ్యి గురించి వాళ్ళకే దాచిపెట్టడం ఈసారి తనవల్ల కాదనుకుంది. ఇది నీ బేసినక్కా, వేసుకుని చూస్తావా, వద్దా, నీ ఇష్టం అంది. నా వేళ్ళకి ఏం తెలుసుద్దే అంటూనే నూకరత్నం చెయ్యి చాపింది.

చురకలు మణికట్టు పైన తగులుతాయి. అక్కడి నరాలు ఇంకా బతికే ఉన్నాయి. మొద్దుబారిన వేళ్ళ దాకా పోకుండానే అవి కబురు తలకి చేరవేస్తాయి. ఇలా జరగవచ్చని సత్యవేణికి లీలగా తెలుసు, జరుగుతుందని తెలియదు.

నూకరత్నం ముందు చలనం లేకుండా కూర్చుంది, అది తన చెయ్యే కనుక. తర్వాత ఉలిక్కిపడి కుర్చీలో నిటారుగా అయింది. ఎన్నేళ్ళకో ఆమె వేళ్ళు ఆమెకు తిరిగొచ్చాయి, కానీ అవి ఇంకొకళ్ళ వేళ్ళు. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఇది మంగతాయారు," అంది మెల్లగా. "బొటనవేలు అలా రెండుసార్లు తిప్పుద్ది." కాసేపాగి, "ఇది పార్వతి. ఎడంచెయ్యి. అయ్యో, నిండు నెలల మనిషి, నాకేసిందేంటే ఇది." తర్వాత ఒక్కొక్క పేరే చెప్పుకుంటూ పోయింది. చిట్టెమ్మ పేరు రెండుసార్లు చెప్పుకుంది. చిట్టెమ్మతో ఆమెకు మాటల్లేక చాలా నెలలైంది.

సత్యవేణి తొడుగు తీయబోతే తీయనివ్వలేదు. ఇంకోసారి పెట్టవే అంది. ఇంకోసారి పెట్టింది. మళ్ళీ అవే పేర్లు చెప్పుకుంది, అక్కడ లేని మనుషుల్ని పలకరించినట్టు. చెంపల మీద నీళ్ళు తుడుచుకోలేదు. సిగ్గు పడుతుందేమో, చిన్నబోతుందేమో అని భయపడ్డ చెల్లెలికి, అక్క మొహంలో ఇన్నాళ్ళూ లేని నిండుతనం కనిపించింది.

అప్పుడు సత్యవేణి అసలు విషయం అడిగింది. విచారణలో దీన్ని చూపించమంటావా అంది. చూపిస్తే నీ పని నీకు రావచ్చు, వాళ్ళ పని పోవచ్చు, చూపించకపోతే రెండూ తారుమారవుతాయి అని ఉన్నదున్నట్టు చెప్పింది.

"చూడకూడదన్నది మా బల్ల మాటే," అంది నూకరత్నం. "నేను చూశాను, చాలు. ఇంకెవరికీ చూపించకు."

విచారణ కాకినాడలో ఒక కల్యాణమండపంలో పెట్టారు. ముందురోజు పెళ్ళి తాలూకు బంతిపూలు ఇంకా వేలాడుతున్నాయి. గుమ్మం దగ్గర వధూవరుల పేర్లున్న బోర్డు కూడా తీయలేదు. వేదిక మీద పెళ్ళికొడుకు కూర్చోవాల్సిన పెద్ద కుర్చీలో అనసూయ గారు కూర్చున్నారు. రాజు గారు లేచి తమ వాదన చెప్పారు. ముసాయిదాలో ఏముందో అదే చేశామన్నారు. కీడు ఉందేమో వెతికాం, దొరికింది, దాన్నుంచి మనుషుల్ని తప్పించాం. ఇంకేం చేయాలో చెప్పండి అన్నారు. స్పర్శ లేని చేతుల బేసినులు అందరితో సమానంగా ఎలా తూగాయో కూడా సత్యవేణి గారు మిషనుతో తేల్చాలని అడిగారు.

సత్యవేణి ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనక వరసల్లో షెడ్డు ఆడవాళ్ళు ఆ డబ్బా వైపే చూస్తున్నారు. పేరు పిలిచాక లేచి, అది తెరవనని చెప్పింది. ఇందులో ఉన్న చేతులవాళ్ళు వద్దన్నారని చెప్పింది. ఒక్కో మనిషి చేతిని విడదీసే పద్ధతిని యంత్రంలోంచి పూర్తిగా తీసేశాననీ, ఇకమీదట చేతిజాడ ఏ బల్లనైనా మొత్తంగానే చదువుతుందనీ, ఏ బల్ల దగ్గర చలి ఎక్కువుందో చెబుతుందే తప్ప ఎవరి చెయ్యి ఎలా ఉందో చెప్పదనీ అంది. అనసూయ గారి మొహం వాడిపోయింది. ఇంత దూరం వచ్చాక చేతిలో ఉన్న ఒక్క రుజువునీ లాక్కుంటే మీ యంత్రాన్ని ప్రణాళికలో ఎలా పెట్టమంటారని అడిగారు.

"పెట్టకపోయినా ఫర్వాలేదండి," అంది సత్యవేణి. అన్నేళ్ళ పని. డబ్బాని దగ్గరికి పొదువుకుంది. "ఎవరి చెయ్యి సంగతి వాళ్ళదేనని, వాళ్ళని అడగనిదే ఎవరూ చదవకూడదని ముందు అది రాయండి. నేను అడగలేదు. అందుకే ఇలా అయింది."

అప్పుడు వెనక వరసలోంచి నూకరత్నం లేచింది. పిలవకుండా లేచినందుకు మన్నించమంది. ఎక్కువ మాటలు రావంది.

"కీడు ఐసు దగ్గరుందండి," అంది. "మమ్మల్ని తీసేశారు. ఐసు అక్కడే ఉంది."

రాజు గారు తల దించుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదని చెప్పాను కదా. అనసూయ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ముసాయిదా అంచున ఏదో రాసుకోవడం మొదలుపెట్టారు. చాలాసేపు రాశారు.

తర్వాతి సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, మీ మనసు అటు పీకుతుంటుంది. ప్రణాళిక వానాకాలం దాటాక వచ్చింది. అట్ట బాగుంది. చేతిజాడ గురించి లోపల ఎక్కడో చివర్లో ఒక్క వాక్యం ఉంది. ఇక దాని అవసరం పెద్దగా లేదని ఆ ఏడాది పరిశోధనశాలకు నిధులు తగ్గించారు. కానీ కంపెనీల బాధ్యత గురించి చెప్పిన భాగంలో కొత్తగా రెండు మాటలు చేరాయి. పనిచేసే మనిషి ఒంటి సంగతి ఆ మనిషిని అడగకుండా చదవరాదన్నది ఒకటి. కీడు పడ్డ మనిషిని తప్పించడం సరిదిద్దడం కిందకి రాదు, కీడునే తప్పించాలన్నది రెండోది. ఆ రెండూ దూదిలాంటి మాటలు కావు. కోనపేట షెడ్డులో వేడినీళ్ళ కుళాయిలు వచ్చాయి. ఇంటికి పంపినవాళ్ళని వెనక్కి పిలిచారు. నూకరత్నానికి ఐసు తగలని పని ఇచ్చారు, వలిచినవాటిని చూసి ఏరే పని. అదే బల్ల దగ్గర.

ఆ రోజు మాత్రం ఇదేమీ ఎవరికీ తెలియదు. మండపం బయట ఎండలో నిలబడేసరికి డబ్బాలో ఐసు చప్పుడు చేస్తోంది. కరిగిపోతోంది. కరిగితే ఇక అందులో ఎవరి చెయ్యీ ఉండదు. దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ గడ్డకట్టించాలన్న ఆత్రం సత్యవేణికి లోపల ఒక్కసారి కదిలింది. అది చూసిన మంగతాయారు, పాడవలేదు కదమ్మాయ్ అని అడిగింది. లేదంది. మరింకేం, ఇగురు పెట్టేద్దాం అంది.

అలా ఒక ప్రయోగానికి మిగిలిన ఆఖరి రుజువు కోనపేటలో నూకరత్నం పొయ్యి మీదకెక్కింది. ఆ వీధిలో చాలా రోజుల తర్వాత ఆ తలుపు బార్లా తెరుచుకుంది. బల్లంతా వచ్చింది. పార్వతి పొట్ట మోసుకుంటూ వచ్చి గుమ్మంలో కూర్చుంది. చిట్టెమ్మ ఉల్లిపాయలు తరగడానికి పీట వాల్చుకుంటే నూకరత్నం ఏమీ అనకుండా కత్తిపీట ఆమె వైపు జరిపింది. కాసేపటికి ఇద్దరూ ఒకే పళ్ళెంలో ఉల్లిపాయలు వేస్తున్నారు. మసిగుడ్డ ఈసారి సత్యవేణి అందించింది, గిన్నె తనే దించింది.

అందరూ వరసగా కింద కూర్చున్నారు. ఉన్నవి కొన్నే రొయ్యలు, తినేవాళ్ళు ఎక్కువ. నాలుగేసి కూడా రాలేదు. నూకరత్నం పళ్ళెంలో కూడా అంతే. ఆమె మంగతాయారుతో ఏదో చెబుతూ నవ్వుతోంది. ఎవరి రొయ్యలు ఎవరు వలిచారో ఇప్పుడు ఏ యంత్రమూ చెప్పలేదు.

సత్యవేణి నీళ్ళ చెంబు కోసం లేచింది. అక్క వెనకనుంచి వెళుతూ, తన పళ్ళెంలోవి గుప్పెట్లోకి తీసుకుని, వంగి, అక్క అన్నం పక్కన మెల్లగా వదిలింది.

నూకరత్నం కబుర్లు ఆపలేదు. కానీ ఆమె మొహం వీధి గుమ్మం వైపు తిరిగింది, పళ్ళెం వైపు చూడలేదు. వరసలో కూర్చున్నవాళ్ళు కూడా ఎవరూ చూడలేదు.